నూట పన్నెండు కిలోలు

ఆ ఇంట్లో పొద్దున్నే వినిపించే మొదటి చప్పుడు బియ్యం డబ్బా మూతది. వదిన కళ్ళు పూర్తిగా తెరుచుకోకముందే ఆవిడ చెయ్యి డబ్బాలోకి వెళ్ళిపోతుంది. గ్లాసుతో ఐదుసార్లు ముంచి గిన్నెలో పోస్తుంది. ఐదోది పోశాక గాని గుర్తు రాదు. అప్పుడొక నిట్టూర్పు విడిచి, మూడు గ్లాసులు మళ్ళీ డబ్బాలో పోసేస్తుంది. నాలుగు నెలలుగా ఇదే వరస.

పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ ఆవిడను మరిది వదినా అని పిలిచాడు. మరిదితో పనిచేసేవాళ్ళూ అలాగే పిలిచారు. ఆఖరికి వీధి చివర పాలమ్మే ముసలాయనకు కూడా ఆవిడ వదినే అయి కూర్చుంది. ఆవిడ భర్తదీ అదే కథ. గోడౌన్‌లో ఎవరో సరదాకి బరువన్న అన్నారు, అదే ఖాయమైపోయింది. ఆరడుగుల మనిషి, నూట పన్నెండు కిలోలు. ఆయన మంచం మీద కూర్చుంటే అవతలి వైపు కూర్చున్నవాళ్ళు గాల్లోకి లేస్తారని చిన్నోడు ఏడిపించేవాడు.

చిన్నోడంటే బరువన్న తమ్ముడు. తల్లి పోయాక పదేళ్ళ వయసులో అన్న దగ్గరికి వచ్చేశాడు. వదిన చేతి ముద్దలు తిని, వదిన చేత తన్నులు తిని, అంతవరకూ బడి ముఖం చూడనివాడు వదిన దగ్గరే అక్షరాలూ అంకెలూ దిద్దుకున్నాడు. ఇప్పుడు ముప్ఫై ఐదేళ్ళొచ్చి, పెళ్ళయి, పక్క వాటాలో కాపురముంటున్నా వాడు చిన్నోడే. వాటాలు రెండైనా పొయ్యి ఒక్కటే ఉండేది. నలుగురికి నాలుగు గ్లాసుల బియ్యం, బరువన్న కోసం ఇంకొక గ్లాసు. ఆ ఐదో గ్లాసు మీద ఎన్ని వేళాకోళాలు నడిచేవో చెప్పలేం.

అన్నదమ్ములిద్దరిదీ ఒకే గోడౌన్. అన్న సరుకు మోసేవాడు, తమ్ముడు పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపేవాడు. లారీల్లో వచ్చే యంత్రాల పెట్టెలు కొన్ని ఆ బండి మోయగలిగిన దానికంటే బరువుండేవి. అలాంటి పెట్టెను ఎత్తబోతే బండి ముందుకు ఒరిగి, వెనక చక్రాలు నేల వదిలేసేవి. అప్పుడు ఇంకో పెద్ద బండి తెప్పించాలి. దానికి పూట పడుతుంది. పూటంతా ఆగే ఓపిక ఎవరికుంది? "బరువన్నను పిలవండ్రా" అని కేక పడేది. ఆయన నవ్వుకుంటూ వచ్చి, బండి వెనకనుండే ఇనుప దిమ్మె మీదికెక్కి, రెండు కడ్డీలు పట్టుకుని నిలబడేవాడు. చక్రాలు బుద్ధిగా నేలకు ఆనేవి. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టేవారు. ప్రతి శనివారం ఆయన్ను సరుకు తూచే కాటా మీద నిలబెట్టి, పక్క గోడ మీద సుద్దముక్కతో అంకె వేసేవారు. ఆ వారం ఎంత బరువు పెట్టెకు ఆయన సరిపోతాడో తెలియాలి కదా!

వదినకు అదొక గొప్ప. "మా ఆయన ఎక్కితే గాని బండి కదలదు" అని నలుగురిలో చెప్పుకునేది. ఒకసారి డాక్టరు, ఇరవై కిలోలు తగ్గకపోతే మోకాళ్ళు పోతాయన్నాడు. బరువన్న ఇంటికొచ్చి, "తగ్గితే నా ఉద్యోగానికే ఎసరు" అన్నాడు. వదిన పగలబడి నవ్వి ఇంకో గరిటె అన్నం వడ్డించింది. ఆ నవ్వు గుర్తొస్తే ఆవిడకు ఇప్పుడు తన నోరు తనే నొక్కేసుకోవాలనిపిస్తుంది.

నాలుగు నెలల కిందట, బరువన్న వెనక నిలబడ్డ బండి వాలు ర్యాంపు దిగుతుండగా పెట్టెకు కట్టిన పట్టీ తెగింది. పెట్టె ముందుకు జారిపోయింది. దాని బరువుకు పైకి లేచిన బండి వెనకభాగం ఒక్కసారిగా దభీమని నేలకు కొట్టుకుంది. బరువన్న ఎగిరి కిందపడ్డాడు. చిన్నోడు కంగారులో బండిని వెనక్కి తీశాడు. వెనక చక్రం అన్న కాలి మీదికెక్కింది. ఆస్పత్రిలో కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

అంతవరకు వదిన తట్టుకుంది. కావాలని చేశాడా, చేతిలో లేనిది జరిగిపోయిందనుకుంది. కాని పదిరోజుల తర్వాత ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. 'డ్రైవరుకు తెలియకుండా, సొంత ఇష్టంతో ఎక్కాడు. గోడౌన్‌లో అలా ఎక్కే అలవాటు లేదు.' కింద చిన్నోడి సంతకం. వదిన ఆ కాగితం మడిచి బట్టల కింద పెట్టింది. ఆ రోజే పొయ్యిలు రెండయ్యాయి.

"రెండు ముద్దలన్నా తినండి," అంది ఆవిడ ఆ పొద్దున మంచం పక్కన కంచం పెట్టి.

బరువన్న కదిపి చూసి పక్కన పెట్టాడు. ఆయన చొక్కాలన్నీ ఇప్పుడు ఇంకెవరివో తొడుక్కున్నట్టున్నాయి. "ఆకలి లేదే. కూర్చున్నవాడికి ఏం అరుగుతుంది?"

"అరగకపోతే పోనీండి. లోపల పడనివ్వండి."

తలుపు దగ్గర గాజుల చప్పుడైంది. చిన్నోడి భార్య. చేతిలో మూతపెట్టిన గిన్నె. "అక్కా, బావగారికి ఇష్టమని కూర..."

"మాకు ఉంది."

"కొంచెమే అక్కా."

"ఉందన్నాగా! చెవుడా?"

ఆ పిల్ల గిన్నె గుమ్మంలోనే పెట్టి వెళ్ళిపోయింది. ఆ పిల్ల తప్పేమీ లేదని వదినకు తెలుసు. తెలిసినా నోరు ఊరుకోలేదు. గిన్నె అక్కడే చల్లారిపోయింది.

"గోడౌన్ నుంచి కబురొచ్చింది," అంది వదిన కాసేపయ్యాక. "మీరు బట్టలు పెట్టుకునే పెట్టె ఖాళీ చెయ్యాలట. వెళ్ళి సామాను తెచ్చేస్తాను."

బరువన్న చటుక్కున తలెత్తాడు. "నువ్వెందుకు? చిన్నోడు తెచ్చిస్తాడుగా."

"ఆ పేరు ఈ గదిలో ఎత్తొద్దని చెప్పాను."

"వాడు..."

"వాడు సంతకం పెట్టిన చెయ్యి నేను దిద్దించిందండీ. అది చాలు నాకు." ఆవిడ సంచీ తీసుకుని బయటపడింది.

గోడౌన్‌లో ఆవిడ కాలు పెట్టడం అదే మొదలు. ఇన్నేళ్ళూ గేటు దాకా వచ్చి అన్నం డబ్బాలిచ్చి వెళ్ళడమే. లోపల ఎత్తైన రేకుల కప్పు, దాని కింద ఇనుప అరల్లో పెట్టె మీద పెట్టె. నేల మీద పసుపు గీతలు చాలాచోట్ల అరిగిపోయాయి. టైర్ల రబ్బరు వాసన, తడిసిన అట్టల వాసన. ర్యాంపు దగ్గర ఒకచోట సిమెంటు కొత్తగా కడిగినట్టు తెల్లగా ఉంది. ఆవిడ అటు చూడకుండా నడిచింది.

బరువన్న పెట్టెలో ఒక తువ్వాలు, ఒక దువ్వెన, కుట్లు ఊడిన చేతి తొడుగులు, కొత్త జత బూట్లు ఉన్నాయి. బూట్లు రెండూ సంచీలో వేసుకుంది. ఒకటి వదిలేయాలంటే చెయ్యి రాలేదు.

తిరిగి వస్తుంటే కాటా కనిపించింది. దాని పక్కన గోడ మీద సుద్దతో పెద్దగా 'బరువన్న 112' అని ఉంది. వదిన ఆగిపోయింది. మనిషిని చూసినట్టే అనిపించింది. తర్వాత చూపు కిందికి జారింది. ఆ అంకె కింద, తాజా సుద్దతో, 'గున్న 98'.

 గున్న ఎవరో ఆవిడకు తెలియదు. ఆ తొమ్మిది మాత్రం తెలుసు. తొమ్మిదికి పొట్ట సగంలో వదిలేసి, తోక మాత్రం మెలితిప్పడం. "పొట్ట మూయరా, పురుగులు దూరతాయి" అని ఎన్ని మొట్టికాయలు వేసినా చిన్నోడికి ఆ అలవాటు పోలేదు.

"వదినా! నువ్వా?" వెనకనుంచి ఒక బొద్దుగా ఉన్న మనిషి చెమట తుడుచుకుంటూ వచ్చాడు. పాతికేళ్ళు దాటి కొంచెమై ఉంటాయి. ముఖమంతా నవ్వే. "నేను గున్నని. అన్న ఎలా ఉన్నాడు? అన్న చోటు ఇప్పుడు నాకిచ్చారు."

"ఏ చోటు?" అని అడిగింది, తెలిసే.

"అదే, బండి వెనక. అన్నకి సరితూగలేను గాని ఏదో లాగించేస్తున్నాం." అతను పొట్ట తడుముకుని నవ్వాడు. "సూపర్‌వైజరుగారు ఇంకో పదికిలోలు పెంచమన్నారు. మా ఆవిడ రోజూ రెండు ముద్దలు ఎక్కువ పెడుతోంది. దానికి ఎంత గొప్పో! వీధంతా చెప్పుకుని తిరుగుతోంది."

వదిన అతని వైపు చూస్తూ ఉండిపోయింది. ఎవరో కేకేస్తే గున్న "వస్తా వదినా" అంటూ పరిగెత్తాడు. ఆ పరుగు రెండు కాళ్ళ మీద ఎంత తేలిగ్గా సాగిందో ఆవిడ గమనించింది. ఇంటికి ఎలా చేరిందో ఆవిడకే తెలియదు.

సాయంత్రం చిన్నోడు పని నుంచి వచ్చేసరికి వదిన కుళాయి దగ్గర నిలబడి ఉంది. నాలుగు నెలల్లో వదిన తనకు ఎదురుగా నిలబడడం అదే మొదటిసారి. వాడి ముఖం వెలిగింది. ఆ వెలుగు మూడు క్షణాలు కూడా లేదు.

"ఇవాళ గున్నని ఎన్నిసార్లు ఎక్కించావు?"

చిన్నోడి చేతిలోని అన్నం డబ్బా కిందపడింది.

"అడుగుతున్నాను. ఎన్నిసార్లు?"

"రెండు... రెండుసార్లు, వదినా."

"సిగ్గుందా నీకు? మీ అన్న కాలు తీసుకున్న చక్రం అదేనా? దాన్నే తిప్పుతున్నావా ఇంకా?" ఆవిడ గొంతు వీధిలోకి వినిపిస్తోంది. చిన్నోడి భార్య గుమ్మంలో కొయ్యబారి నిలబడింది. "నేను చెయ్యను, నా వల్ల కాదు అనలేవా? నోరు లేదా?"

"ఎలా అంటాను వదినా?" చిన్నోడు గోడకు చేరగిలబడ్డాడు. "మొన్న అన్నాను. మనిషిని ఎక్కిస్తే నేను నడపనన్నాను. సూపర్‌వైజరు నవ్వాడు. ఇక్కడ అలా ఎక్కే అలవాటే లేదని రాసిచ్చింది నువ్వే కదా, లేని అలవాటు మానేస్తానంటావేంటి, అలవాటుందని ఇప్పుడంటే అప్పుడు అబద్ధమాడినట్టేగా అన్నాడు. నేనేం చెప్పను? నా సంతకమే నా మెడకు చుట్టుకుంది. గున్న ఎక్కిన ప్రతిసారీ నాకు చేతులు చల్లబడిపోతాయి. వెనక్కి తీసేటప్పుడు కళ్ళు మూసుకుపోతున్నాయి వదినా. దేవుడి మీద ఒట్టు."

"మరెందుకు పెట్టావురా ఆ సంతకం?" వదిన ఏడ్చేసింది. "అన్న మీదికి తోసేయడానికి నీకు మనసెలా ఒప్పింది? నేనేం తక్కువ చేశానని? కడుపున పుట్టినవాడికంటే..."

"నేనే పెట్టమన్నాను."

ఆ మాట లోపలినుంచి వచ్చింది. అందరూ తిరిగి చూశారు. బరువన్న చంకకర్రల మీద గుమ్మం దాకా వచ్చాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన గది దాటి రావడం అదే మొదలు. 

"వాడు ఒప్పుకోలేదే. ఏడ్చాడు. నా కాలు తీసిన మర్నాడు, నువ్వు మందులకు వెళ్ళినప్పుడు, నేనే బలవంతం చేశాను. తెలిసే ఎక్కించానని రాస్తే వాడి లైసెన్సు పోతుంది. నా పని ఎలాగూ పోయింది, వాడిదన్నా నిలబడాలనుకున్నాను. నా మీద ఒట్టేయించుకున్నాను, నీకు చెప్పొద్దని."

వదిన ఆయన వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "నాలుగు నెలలండీ," అంది మెల్లగా. "నాలుగు నెలలు నన్ను వాడిని శాపనార్థాలు పెట్టనిచ్చారు. వాడి పెళ్ళాం తెచ్చిన కూర కుక్కకి పెట్టాను. వింటూ పడుకున్నారా?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా?" బరువన్న కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, రెండు చేతులూ కర్రలకే సరిపోయి తుడుచుకోలేకపోతున్నాడు. "ఆఫీసుకెళ్ళి గొడవ చేసేదానివి. వాడు తట్టుకోలేడు. అయినా నన్నెవడూ కట్టి ఎక్కించలేదే. పిలిస్తే ఎక్కాను. చప్పట్లు కొడితే బాగుండేది. ఇన్నేళ్ళ పనిలో నన్ను పేరుపెట్టి పిలిచింది ఆ ఒక్క పనికే."

 కుళాయి నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. చిన్నోడి భార్య వెళ్ళి కట్టేసింది.

వదిన మరిది దగ్గరికి వెళ్ళింది. కొడుతుందేమోనని వాడు తల వంచాడు. ఆవిడ వాడి తల పట్టుకుని భుజానికి ఆనించుకుంది. ముప్ఫై ఐదేళ్ళ మనిషి వెక్కివెక్కి ఏడ్చాడు. "నన్నొకసారి తిట్టు వదినా, మాట్లాడకుండా మాత్రం ఉండకు" అన్నాడు. 

కాసేపటికి ఆవిడే ముందు తేరుకుంది. "గున్న పెళ్ళాం రోజూ రెండు ముద్దలు ఎక్కువ పెడుతోందట," అంది. "వీధంతా గొప్పగా చెప్పుకుంటోందట."

బరువన్న కళ్ళు మూసుకున్నాడు. ఆ మాటలో ఏముందో ఆ ఇంట్లో విడమరచి చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు.

"అయితే?" అన్నాడు.

"అయితే ఏముంది? మన అబద్ధం మీదే ఆ పిల్లవాడు ఎక్కి నిలబడుతున్నాడు. దింపాలి." ఆవిడ మరిది వైపు తిరిగింది. "లైసెన్సు పోతుందా?"

"పోతుంది వదినా."

"పోనీ. మూటలు మోద్దువుగాని. నేనూ ఏదో పని చూసుకుంటాను. ఒక ముద్ద తక్కువ తింటాం. పొయ్యి ఒకటే అయితే అంత కష్టమేం కాదు."

చిన్నోడి భార్య లోపలికెళ్ళి కాగితం, కలం తెచ్చింది. ఏడుపు దిగమింగుకుని, "నేనూ గోనెసంచులు కుడతానక్కా," అంది. చిన్నోడు నేల మీద బోర్లా పడుకుని రాయడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడూ అలాగే రాసేవాడు. వదిన పక్కనే కూర్చుంది.

"మా అన్న బండి వెనక నిలబడ్డాడని నాకు తెలుసు," వాడు రాస్తూ పైకి చదివాడు. "ఆ రోజు పిలిచింది నేనే. ఆరేళ్ళుగా ఇలాగే చేస్తున్నాం. సూపర్‌వైజరుకూ తెలుసు. కాటా మీద తూచి గోడ మీద రాసేది కూడా అందుకే."

"నా ఇష్టంతోనే ఎక్కానని కూడా రాయరా," అన్నాడు బరువన్న.

"రాశాను అన్నయ్యా."

"నేనే తినిపించానని కూడా రాయి," అంది వదిన.

చిన్నోడు కలం ఆపాడు. వదిన వేళాకోళానికి అనలేదని ముఖం చూస్తే తెలిసింది. బరువన్న చెయ్యి చాచి ఆవిడ తల మీద పెట్టాడు. అప్పుడు ఆవిడ నాలుగు నెలలుగా దాచుకున్నదంతా ఏడ్చింది. వాళ్ళెవరూ ఆవిడను ఆపలేదు.

మర్నాడు పొద్దున నలుగురూ కలిసే బయల్దేరారు. బరువన్న అడుగుకొకసారి ఆగుతూ నడిచాడు. వీధిలో వాళ్ళు చూస్తున్నారని వదినకు తెలుసు, చూడనిమ్మంది. గోడౌన్ చేరేసరికి ర్యాంపు దగ్గర వేరే డ్రైవరు పెట్టె ఎత్తుతున్నాడు. గున్న వెనక నిలబడి నవ్వుతున్నాడు.

బరువన్న నేరుగా బండి దగ్గరికి వెళ్ళాడు. ఒక కర్ర ఎత్తి ఆ ఇనుప దిమ్మె మీద కొట్టాడు. ఇంజను ఆగింది. "దిగు తమ్ముడూ," అన్నాడు.

"అన్నా, ఒక్క పెట్టే..."

"నేనూ ఒక్క పెట్టేననుకున్నాను. దిగు."

గున్న ఆయన ముఖం చూశాడు. తర్వాత మడిచి పిన్ను పెట్టిన ఆ ప్యాంటు కాలు చూశాడు. అతని నవ్వు నెమ్మదిగా పోయింది. జాగ్రత్తగా, ఒక కాలు తర్వాత ఒక కాలు పెట్టి దిగాడు.

చిన్నోడు కాగితం పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. లోపలినుంచి సూపర్‌వైజరు అరుపులు వినిపించాయి, ఆ తర్వాత అరుపులు లేవు. వాడు బయటికొచ్చేసరికి మెడలో ఉండే డ్రైవరు కార్డు లేదు. ముఖం పాలిపోయి ఉంది, కాని కళ్ళు ఎత్తి వదిన వంక చూడగలిగాడు. ఆ కాగితాన్ని పై ఆఫీసుకు పంపక తప్పదట, విచారణ మళ్ళీ మొదటినుంచట.

వదిన కాటా దగ్గరికి వెళ్ళి, అరచెయ్యి తడి చేసుకుని గోడ మీద రుద్దింది. 98 ఒక్క తుడుపుకే పోయింది. 112 మాత్రం పోలేదు. ఆరేళ్ళు అదే చోట దిద్ది దిద్ది రాసింది, సుద్ద గోడలోకి ఇంకిపోయింది. గోరుతో గీకబోతే బరువన్న ఆపాడు.

"ఉండనీవే. ఎవరిదని ఎవరన్నా అడిగితే చెప్పడానికి ఉంటుంది."

ఆ మర్నాడు పొద్దున వదిన లేచేసరికి పక్క వాటా పొయ్యి వెలగలేదు. తోడికోడలు తన గిన్నెలన్నీ తెచ్చి ఈ వంటింట్లో సర్దుతోంది. చిన్నోడు అన్నకు ముఖం కడిగిస్తున్నాడు. వదిన బియ్యం డబ్బా మూత తీసి, అలవాటు చొప్పున గ్లాసుతో పోసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. గిన్నె వంక చూస్తూ కాసేపు నిలబడింది.

తర్వాత ఒక గ్లాసు తీసి మళ్ళీ డబ్బాలో పోసి, మూత పెట్టింది.